సున్నం తాగిన పాట

ఖాదర్‌వలి గేటు తీయలేదు. అందుకే నా భార్య చనిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

గొడవలు మా గవిమడుగును రెండు ముక్కలు చేసి అప్పటికి నాలుగో ఏడు. పైవాడలో మావాళ్లు, కిందవాడలో సాయిబులు, మధ్యలో ముళ్లకంచె. ఆసుపత్రి కిందవాడలో ఉంది. కంచెకు ఒకటే గేటు. దాని తాళం కిందవాడ కమిటీది. తాళంచెవి ఖాదర్‌వలి దగ్గర ఉండేది.

ఆ పొద్దున సుంకులమ్మను బండిలో పడుకోబెట్టి గేటు దగ్గరికి తోలాను. పైవాడ నుంచి పదిమంది నా వెనక వచ్చారు. ఖాదర్‌వలి అవతల నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి కండువా కింద ఉంది.

"ఖాదరన్నా, గేటు తియ్యి. దీనికి ఊపిరాడటం లేదు" అన్నాను.

ఆయన బండిలోకి చూశాడు. నా వెనక ఉన్నవాళ్లను చూశాడు.

"తీయలేను హుస్సేనప్పా" అన్నాడు.

బండి తిప్పుకుని ఇరవై మైళ్ల అవతల ఉన్న ఆసుపత్రికి తోలాను. పన్నెండో మైలు దగ్గర ఆమె దగ్గు ఆగిపోయింది. నేను బండి ఆపలేదు. ఆపితే తెలిసిపోతుంది కదా.

నా పేరు హుస్సేనప్ప. పీర్లకు మొక్కుకుంటే పుట్టానని మా అమ్మ ఆ పేరు పెట్టింది. మా పక్క మావాళ్లలో ఇలాంటి పేర్లు చాలా ఉండేవి. గొడవల్లో అందరూ మార్చుకున్నారు. నేను మార్చుకోలేదు. భక్తి వల్ల కాదు. రేషన్ కార్డులో అదే ఉంది, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక లేదు.

మాది సున్నం కాల్చే ఇల్లు. ఊరి పీర్ల చావిడికి ఏటా పండగ ముందు సున్నం వేసే హక్కు మాది. పీర్లంటే వెండి పంజాలు. వాటికి పట్టుగుడ్డలు కట్టి, చావిడి గూట్లో పదిరోజులు నిలబెట్టి, తర్వాత ఊరంతా ఎత్తుకుని తిరుగుతారు. మా వాళ్లూ సాయిబులూ అని లేదు. వాటిని ఎత్తే ముజావరు ఖాదర్‌వలి. కంచె వేసేటప్పటికి చావిడి పైవాడలో పడింది. ఆయన పీర్లను గోనెసంచిలో వేసుకుని కిందవాడకు వెళ్లిపోయాడు. మావాళ్లు చావిడికి తాళం వేశారు.

ఎనిమిదేళ్ల తర్వాత కంచె తీశారు. గొడవలు పోయాయని అన్నారు. మనుషులు ఎవరి వాడలో వాళ్లు అట్లాగే ఉండిపోయారు. కిందవాడ వాళ్లు చావిడి తమకు కావాలని హక్కుల కమిషన్‌లో అర్జీ పెట్టారు. పైవాడ తరఫున చెన్నకేశవులు ఎదురు అర్జీ పెట్టాడు. వరసకు నాకు మేనల్లుడు. గొడవల్లో పెద్దమనిషి అయ్యాడు, మళ్లీ మామూలు మనిషి కావడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ అర్జీల మూలంగానే హైమవతి మా ఊరికి వచ్చింది.

*

పట్నంలో పరిశోధనశాల ఆమెది. ఇక్కడ బడిలో ఒక గది తీసుకుని, బెంచీల మీద తన ఇనప పెట్టెను పెట్టింది. మరునాడు నా సున్నపు గుంట దగ్గరికి వచ్చింది.

"సున్నం హుస్సేనప్ప గారంటే మీరేనా?"

"సున్నం గారు కాదు. వట్టి హుస్సేనప్ప."

"చావిడికి సున్నం ఎట్లా వేస్తారో చెప్తారా?"

చెప్పాను. కాల్చిన రాయిని గుంటలో చల్లార్చి ఏడాది మాగబెడతాం. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతాం. పూత వేశాక తలుపులు మూస్తాం. ముజావరు ఇంటివాళ్లు, మా ఇంటివాళ్లు లోపల కూచుని గోడ ఆరేదాకా పీర్ల పాటలు పాడతాం. సున్నం పాట తాగాలి. పాట తాగని సున్నం రాలిపోతుందని మా నాయన అనేవాడు.

ఆమె రాసుకోవడం ఆపేసింది. "ఏమన్నారు? సున్నం పాట తాగాలా?"

"మా నాయన అన్నాడు. నేను కాదు."

నన్ను బడికి తీసుకెళ్లింది. గ్లాసులో సున్నపు తేట పోసి, ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. ఊదాను. తేట పాలలాగా తెల్లబడింది.

"చూశారా? మీ ఊపిరి సున్నంలో కలిసి రాయి అయింది" అంది.

"అయిదో తరగతిలో మా అయ్యవారు చూపించాడు. ఆయనకు ఇంత పెట్టె అవసరం కాలేదు."

ఆమె నవ్వింది. "ఆ ఊపిరి ఎవరిదో మీ అయ్యవారు చెప్పలేదు కదా. ఇది చెప్తుంది."

గోడ ఆరేటప్పుడు ఆ గదిలో ఎవరున్నారో వాళ్ల ఊపిరంతా పూతలోకి పోతుందట. నడకలాగే ఊపిరికి కూడా మనిషి మనిషికీ ఒక జాడ ఉంటుందట. పెట్టెకు గాజు సూది ఉంది. దాని కొస నుంచి ఒక చుక్క గోడ మీద పడితే సున్నం బుసబుస పొంగుతుంది. ఆ పొంగులోంచి లేచే గాలిని గొట్టం పీల్చుకుంటుంది. పెట్టె దాన్ని చదివి, తెర మీద గీతలు గీస్తుంది. పొంగిన సున్నం మాత్రం బురదై కారిపోతుంది. చదివింది ఇక ఉండదు.

"కరిగిస్తేగానీ చదవలేరన్న మాట" అన్నాను.

"అవును. దాన్ని మార్చాలని పదకొండేళ్లు చూశాను. కుదరలేదు" అంది. "మా ఇంట్లో మా నాన్న దగ్గరుండి సున్నం వేయించిన గది ఒకటుంది. ఈ పెట్టెను ఆ గదిలోకి తీసుకెళ్లను" అంది.

ఆ మాటతో ఆమె మీద నాకు కొంచెం గౌరవం వచ్చింది. కొంచెమే.

ఆమె చావిడి గోడ మూలా, గూటి అంచునా వేలిగోరంత మేర మాదిరి తీసింది. గోడ మాదిరిలో నూటపన్నెండు పూతలు వచ్చాయి. నా ఊపిరి గొట్టంలో పట్టుకుంది, కిందవాడకు పోయి ఖాదర్‌వలి ఊపిరి పట్టుకొచ్చింది. రెండు రోజులు గది తలుపు తీయలేదు.

ఆ రెండు రోజులూ నేను నా పని చూసుకున్నాను. గుంటలో నీళ్లు పోశాను. జొన్నరొట్టె చేసుకున్నాను. నాకు రొట్టె కొట్టడం ఇప్పటికీ రాదు. అంచులు చీలిపోతాయి. సుంకులమ్మ ఉన్నన్నాళ్లూ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నువ్వు సున్నం చూసుకో, ఇది కూడా తెల్లగా చేస్తావు" అనేది.

*

మూడో రోజు హైమవతి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూచుంది.

"మీ పక్కన ముప్పై ఒక్క ఏళ్లు ఒకావిడ కూచున్నారు" అంది. "ప్రతి పూతలో మీ జాడ పక్కనే ఆమె జాడ ఉంది. ఒక్క ఏడు కూడా తప్పలేదు."

"నా భార్య."

"అట్లాగే అనుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "గూట్లో మాత్రం పైన ఇంకో పూత ఉంది. మీరు వేసిన ఆఖరి పూత మీద. గూడు వరకే వేశారు. అందులో ఆమె ఉన్నారు. మీరు లేరు."

నాకు అర్థం కాలేదు. మాదిరి కోసం చావిడి తాళం తీయించినప్పుడు ఆ గూడును నేను చూశాను. నా పూతే అనుకున్నాను. యాభై ఏళ్లు సున్నంలో బతికినవాణ్ణి, నా చెయ్యి కాదని గుర్తుపట్టలేకపోయాను. ఆమె ముప్పై ఏళ్లు నా పక్కన కుంచె పట్టింది, ఆమె చెయ్యి నా చెయ్యిలాగే అయిపోయింది మరి.

"ఇంకెవరున్నారు?" అన్నాను.

"ఇంకొకరే. ఖాదర్‌వలి గారు."

నేను లేచి లోపలికి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

"ఇంకోటి చెప్పాలి. ఆమె ఊపిరిలో నెత్తురు ఆనవాలు ఉంది. అప్పటికే దగ్గుతూ ఉండాలి."

దగ్గు మొదలైంది నాలుగో ఏడు ఎండాకాలంలో. నెత్తురు పడుతోందని నాకు చెప్పలేదు. ఆ ఎండల్లోనే కొండ దగ్గర బట్టీ పెట్టి నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. బట్టీ వెలిగిస్తే వదిలి రాకూడదు. తిరిగొచ్చేసరికి గుంటలో సున్నం జానెడు తగ్గింది. "కోతులు తాగాయా?" అన్నాను. "ఆ, తాంబూలం వేసుకున్నాయి" అని నవ్వింది. ఆ నవ్వులో కూడా దగ్గు వచ్చింది. పదకొండు రోజుల తర్వాత చనిపోయింది. అదే హైమవతికి చెప్పాను.

హైమవతి చట్టం చెప్పింది. పూజాస్థలంలో అయిదేళ్లు వరసగా పూజ ఆగిపోతే అడిగే హక్కు పోతుంది. చావిడి ఎనిమిదేళ్లు తాళంలో ఉంది కాబట్టి కిందవాడ హక్కు పోయిందని చెన్నకేశవులు వాదన. నాలుగో ఏట ఒక్కసారి పీరు నిలబడిందని రుజువైతే అటు మూడేళ్లు, ఇటు నాలుగేళ్లు. హక్కు నిలుస్తుంది.

"ఆ పూత నిన్నో మొన్నో దొంగతనంగా వేశారని మావాళ్లు అంటారు" అన్నాను.

"అనలేరు. అందులో ఉన్న ఆవిడ నాలుగో ఏట చనిపోయారు. అంతకుముందు వేసిందీ కాదు, దగ్గు మొదలైంది ఆ ఎండాకాలంలోనే కదా." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "కమిషన్ ముందు మూడుసార్లు చదవాలి. పైవాడకు ఒకసారి, కిందవాడకు ఒకసారి, కమిషన్‌కు ఒకసారి. గూడు చిన్నది. మూడుసార్లకు ఆ పూతంతా పోతుంది. చనిపోయినవాళ్ల ఊపిరి అని తెలిశాక వాళ్లవాళ్ల సంతకం లేకుండా తీయకూడదు. ఆ సంతకం మీది."

"పెట్టకపోతే?"

"చావిడి పైవాడకు పోతుంది. ఎరువుల గోదాము చేస్తారట."

"పెడితే దాని ఊపిరి పోతుంది, ఖాదర్‌వలి గెలుస్తాడు."

"మిమ్మల్ని పెట్టమని అడగడానికి రాలేదు" అంది. అడగడానికే వచ్చింది. కానీ అబద్ధం ఆడేటప్పుడు కళ్లు దించుకుంది, అది చాలు.

*

ఆ మధ్యాహ్నం కిందవాడకు వెళ్లాను. కంచెకు ముందు రోజూ నడిచిన దారి. ఖాదర్‌వలి నులకమంచం మీద కూచుని ఎడమచేత్తో తమలపాకు ఈనె తీస్తున్నాడు. కుడిచేతి వేళ్లు మూడు లోపలికి వంగిపోయి ఉన్నాయి. అప్పుడే చూశాను.

ఆయన భార్య కాశింబీ నన్ను చూసి కుర్చీ తెచ్చింది. కూచోలేదు.

"గేటు ఎందుకు తీయలేదు?" అన్నాను.

ఆయన తమలపాకు పక్కన పెట్టాడు.

"తాళంచెవి నా దగ్గర లేదు. ముందు శుక్రవారమే మావాళ్లు లాక్కున్నారు."

"ఎందుకు?"

"మధ్యాహ్నం పూట గేటు తీసుకుని మీ వాడలోకి పోయినందుకు. ఒక పీరును సంచిలో పెట్టుకుని పోయినా. మండే ఎండ, కాపలావాళ్లు నిద్రపోతున్నారు. వచ్చేటప్పుడు దొరికిపోయినా. ఎవరు పిలిచారని అడిగినారు. చెప్పలేదు." వంగిన వేళ్ల వైపు చూపించలేదు. చూపించాల్సిన పని లేదు.

"అది పిలిచిందా?"

"ఎప్పుడో పీర్లను సంచిలో వేసుకున్న రోజునే చెప్పింది. గూడు వట్టిగా ఉండిపోతే నీకు ఆ పేరు పెట్టిన మీ అమ్మకు ఏం చెప్పాలి, ఒక్కసారన్నా తేవాలన్నా అని. మూడేళ్లు ధైర్యం రాలేదు నాకు. చావిడి వెనక కిటికీ ఊచ ఊడిందని కబురు చేసింది, పోయినా. సున్నం తనే కలిపింది. నేను పాడినా. తను పాడలేకపోయింది, దగ్గు. ఊరికే కూచో చెల్లెమ్మా అంటే వినలేదు."

"గేటు దగ్గర నాతో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పేది? నీ వెనక పదిమంది ఉన్నారు. తాళంచెవి లేదంటే ఎందుకు లేదంటారు. ఆమె సాయిబును పిలిచి పీరు పెట్టించిందని తెలిస్తే ఆ బండిలోనే…"

"తర్వాత? కంచె తీశాకైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే నమ్మేవాడివా?"

"నమ్మను" అన్నాను.

కాశింబీ అప్పుడు మాట్లాడింది. "ఇప్పుడు నమ్మినావు కదా, కూచో అన్నా."

కూచోలేదు. ఆయన చేతిలో తాళంచెవి లేదు. సరే. రాయి లేదా? గేటుకు ఉన్నది ఒక తాళం. నేనైతే రాయి తీసుకుని పగలగొట్టేవాణ్ణి, ఎడమచేత్తో అయినా. ఇప్పటికీ అదే అంటాను. ఆయన వేళ్లు పోయాయి, నా భార్య పోయింది. రెండూ ఒకటి కావు.

*

నేను ఇంటికి చేరేసరికి చెన్నకేశవులు అరుగు మీద ఉన్నాడు. ఆయనకు అన్నీ తెలుస్తాయి.

"ఏంది మామా, సాయిబుల ఇంటికి చుట్టపుచూపుగా పోయొచ్చినావా?"

"పోయాను."

"సంతకం పెట్టొద్దు. పెడితే అత్త వాళ్లతో చేతులు కలిపిందని ఊరంతా అంటది. చచ్చినామెను ఎందుకు బజారుకు ఈడుస్తావు?"

"ఊరంతా కాదు, నువ్వంటావు."

"నేనన్నా ఊరన్నా ఒకటేలే మామా." నవ్వాడు. "గోదాము కడితే సున్నం పని నీకే ఇస్తాలే."

"గోదాముకు సున్నం ఎవరు వేస్తారురా? రంగు వేస్తారు."

ఆయన లేచిపోయాడు. నేను ఆ సాయంత్రం చావిడి దాకా నడిచి వెళ్లాను. తాళం వేసిన తలుపు ముందు గడప మీద బెల్లం ముక్కలు, చీమలు. పైవాడ ముసలివాళ్లు రోజూ పెట్టిపోతారు. ఎవరూ ఎవరినీ చూడనట్టు పెడతారు. చెన్నకేశవులు తల్లి కూడా పెడుతుంది. అది ఆయనకు తెలియదు.

ఆ ముసలివాళ్ల కోసం సంతకం పెట్టానని హైమవతి తన నివేదికలో రాసింది. తప్పు. సుంకులమ్మ నెత్తురు కక్కుకుంటూ ఒక పని చేసింది. ఆ పని నాకు నచ్చలేదు. నాకు చెప్పకుండా చేసింది, దానితోనే ప్రాణం మీదికి తెచ్చుకుంది. అయినా చేసింది. దాన్ని లేదనిపించే హక్కు నాకు లేదు. అంతే.

*

కమిషన్ వాళ్లు ముగ్గురు వచ్చారు. చావిడిలో బల్ల వేశారు. ఒక పక్క చెన్నకేశవులు, ఇంకో పక్క ఖాదర్‌వలి. నేను గూడు ఎదురుగా నేల మీద కూచున్నాను. కుర్చీ ఇచ్చారు కానీ ఆ గదిలో నేనెప్పుడూ నేల మీదే కూచున్నాను.

మొదటి చుక్క పడింది. సున్నం పొంగింది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి నిండుగా, పొడుగ్గా ఉంది. రెండోది సన్నగా ఉంది. రెండోదాని కింద ఎర్రటి చుక్కలు వరసగా ఉన్నాయి.

"రెండోది ఎవరిది?" కమిషన్ పెద్ద అడిగాడు.

"నా భార్యది. పేరు సుంకులమ్మ" అన్నాను.

గదిలో మా పైవాడ వాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆపేశారు.

రెండోసారి చదివారు. గూడు సగం గోధుమరంగులోకి వచ్చింది, కింద వన్నె తగ్గిన నా పాత పూత బయటపడింది. మూడోసారికి ముందు హైమవతి సూది పట్టుకుని నా వైపు చూసింది. చుక్క వదల్లేదు.

"ఒక మూల కొంచెం మిగల్చనా?" అని చిన్నగా అడిగింది.

"చట్టంలో ఎంతుంటే అంత తియ్యి" అన్నాను. "మిగిలిస్తే రేపు ఇంకొకడొచ్చి మళ్లీ చదవమంటాడు."

తీసింది. బుసబుసమని చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆమె తడిగుడ్డతో గూడు తుడిచింది. ఆ గుడ్డ నాకు ఇవ్వబోయింది, మళ్లీ తనే వెనక్కి తీసుకుంది.

ఖాదర్‌వలి ఏడ్చాడు. కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నా భార్య కోసం ఆయన ఏడవడం నాకు నచ్చలేదు. లేచి బయటికి వచ్చేశాను.

తీర్పు నెలకు వచ్చింది. చావిడి ఇద్దరిదీ. పీర్లను ఎత్తే హక్కు కిందవాడ ముజావరుది, మొక్కులు తీర్చుకునే హక్కు ఎవరికైనా. సున్నం వేసే హక్కు మా ఇంటిది. చెన్నకేశవులు పై కోర్టుకు పోతానన్నాడు, పోలేదు. వాళ్లమ్మ పోనివ్వలేదని విన్నాను. కొన్నాళ్లు మా పైవాడలో నా దగ్గర సున్నం ఎవరూ కొనలేదు. తర్వాత పెళ్లిళ్లు వచ్చాయి, కొన్నారు.

పండగకు ముందు గూటికి సున్నం వేశాను. తలుపులు మూశారు. అటు ఖాదర్‌వలి, కాశింబీ. ఇటు నేనొక్కణ్ణి. ఆయన పాట ఎత్తుకున్నాడు. నా వంతు చరణం వచ్చినప్పుడు నేను పాడాను. పాడకపోతే సున్నం రాలుతుంది, అది నా పనికి చెడ్డపేరు. పూత ఆరింది. ఆయన తలుపు తీశాడు. ఇద్దరం చెరో వైపు వెళ్లిపోయాం. మాట్లాడుకోలేదు. ఇది మూడో ఏడు, ఇంకా మాట్లాడుకోలేదు. ఏటా అదే గదిలో కూచుంటాం, పాడతాం, లేచిపోతాం.

పోయిన వారం హైమవతి పట్నం నుంచి ఉత్తరం రాసింది. కలిసిపోయిన ఊళ్ల గురించి పెద్ద సభ పెడుతున్నారట. నన్నూ ఖాదర్‌వలినీ వేదిక మీద పక్కపక్కన కూచోబెట్టి మాట్లాడిస్తారట. చేతులు పట్టుకుంటే ఫొటో తీస్తారట. బండి వాళ్లే పంపుతారట. కాశింబీ ద్వారా ఖాదర్‌వలి కబురు పెట్టాడు, నేను వస్తేనే ఆయన వస్తాడట.

నేను రాను. మేము కలిసిపోలేదు. చావిడి ఎవరిదో తేలింది, అంతవరకే తేలింది. జరిగింది జరిగినట్టు ఈ కాగితాల మీద రాసి ఆమెకు పంపుతున్నాను. కావాలంటే సభలో ఎవరైనా చదువుకోవచ్చు. చదివాక నన్ను వెతుక్కుంటూ ఎవరూ రావద్దు. సుంకులమ్మ గురించీ, ఆ పూత గురించీ, ఖాదర్‌వలి గురించీ ఒకసారి చెప్పాను. ఇక బతికున్నన్నాళ్లూ ఎవరడిగినా చెప్పను.